మంచు నేలకు పోయిన పిల్ల



సూర్యాపేట, కోదాడ, మిర్యాలగూడ ఎండలు ఎట్లుంటాయో మీకు ఒకరు చెప్పాలా? నాటు వేసినా, మిరపకాయలు ఏరినా ఆ ఎండ మీ వీపు మీదనే ఉంటుంది. ఇప్పుడు ఎండ ఉండి కూడా వేడి లేని చోటు గురించి వినండి. దాని పేరు అంటార్కిటికా.

అది భూమికి దక్షిణం కొసన ఉంది. అక్కడ ఊళ్లు లేవు, పంటలు లేవు. అంతా మంచే. ఆ మంచు మందం సుమారు రెండు కిలోమీటర్లు. డిసెంబరు నెలలో అక్కడ పొద్దు గుంకదు. అర్ధరాత్రి కూడా సూర్యుడు కనిపిస్తాడు. అయినా చలి తగ్గదు.

అటువంటి చోటుకు మన తెలుగు పిల్ల పోయి వచ్చింది. పేరు మాలావత్ పూర్ణ. నిజామాబాద్ జిల్లా పాకాల ఆమె ఊరు. తల్లిదండ్రులు కూలి పని చేసుకునేవాళ్లు. పూర్ణ గురుకుల బడిలో చదువుకుంది. కొండలెక్కడం ఎక్కడ నేర్చుకుందో తెలుసా? మన పాత నల్లగొండ జిల్లాలోని భువనగిరి గుట్ట మీద! తర్వాత డార్జిలింగ్‌లో, లడఖ్ చలిలో నేర్చుకుంది. 2014 మే 25న ఎవరెస్టు ఎక్కింది. అప్పుడు ఆమెకు పదమూడేళ్ల పదకొండు నెలలు. ఆ వయసులో మన ఊళ్లలో ఎందరు ఆడపిల్లలు బడి మానేశారో మీకే ఎరుక. 2019 డిసెంబరు 26న అంటార్కిటికాలో అన్నిటికన్నా ఎత్తయిన విన్సన్ కొండ ఎక్కింది. దాని ఎత్తు 4,892 మీటర్లు.

అక్కడికి పోవాలంటే ఒంట్లో బలం ఒక్కటే చాలదు. తయారీ కావాలి. ఒక్క లావు కోటు వేసుకుంటే చలి ఆగదు. బట్టలు ఒకదాని మీద ఒకటి వేసుకోవాలి. పొరల నడుమ ఉన్న గాలి ఒంటి వేడిని బయటికి పోనియ్యదు. పాత చీరలతో మీరు కుట్టే బొంత వెచ్చగా ఉండేది కూడా ఇందుకే. అక్కడ చెమట పట్టేటట్టు నడవకూడదు. తడిసిన బట్ట ఒంటిని చల్లబరుస్తుంది, అది ప్రాణానికే ముప్పు. కళ్లకు నల్లద్దాలు ఉండాలి. లేకుంటే మంచు మీది వెలుగుకు కళ్లు దెబ్బతింటాయి. బూట్ల కింద ఇనుప ముళ్లు కట్టుకోవాలి. చుట్టూ మంచే గానీ తాగడానికి చుక్క నీళ్లుండవు. మంచును స్టవ్ మీద కరిగించుకోవాలి. చెత్త అక్కడ పారెయ్యరు. మలం కూడా సంచిలో కట్టి వెనక్కి తెస్తారు. ఆ నేలను పాడు చేయొద్దని దేశాలు ఒప్పందం రాసుకున్నాయి.

పూర్ణ కన్నా ముందే మన దేశపు ఆడవాళ్లు అక్కడ అడుగు పెట్టారు. అదితి పంత్, సుదీప్త సేన్‌గుప్తా అనే ఇద్దరు శాస్త్రవేత్తలు 1983లో బయలుదేరిన మన దేశం బృందంతో పోయారు. వాళ్లు పోయింది కొండలెక్కడానికి కాదు, సముద్రాన్నీ రాళ్లనూ పరిశీలించడానికి.

ఆ మంచుతో మనకేం పని అంటారా? బొగ్గు, పెట్రోలు కాల్చిన పొగతో భూమి వేడెక్కుతోంది. మీ కట్టెల పొయ్యి పొగ అందులో ఎంత! ఎక్కువ కాల్చింది పెద్ద దేశాలు. కానీ ఎండ కూలి చేసేవాళ్ల మీదనే పడుతుంది. 2015 ఎండాకాలంలో రెండు తెలుగు రాష్ట్రాల్లో వడదెబ్బకు ఎంతో మంది చనిపోయారు. ఆ వేడికే దూరాన మంచు కూడా కరుగుతోంది.

మంచు కరిగితే ఏమవుతుందో మీ పిల్లలతో చేయించి చూడండి. చెరుకురసం బండి దగ్గర నాలుగు ఐసు ముక్కలు తెచ్చుకోండి. రెండు గాజు గ్లాసుల్లో సగం దాకా నీళ్లు పోయండి. ఒక గ్లాసు నీళ్లలో రెండు ముక్కలు వేయండి. రెండో గ్లాసు మీద టీ జాలీ పెట్టి, మిగిలిన రెండు ముక్కలు అందులో ఉంచండి. రెండు గ్లాసుల్లోనూ నీళ్లు ఎక్కడి దాకా ఉన్నాయో గీత పెట్టండి. ఐసు కరిగినాక చూడండి. మొదటి గ్లాసులో నీళ్లు గీత దగ్గరే ఉంటాయి. రెండో గ్లాసులో గీత దాటుతాయి.

మొదటిది సముద్రంలో తేలే మంచు. రెండోది నేల మీద ఉన్న మంచు. అంటార్కిటికాలో ఎక్కువగా ఉన్నది ఈ రెండో రకమే. అది కరిగితే సముద్రం పెరుగుతుంది. సాగర్ ఎడమ కాలువలో మన పొలాలకు వచ్చే కృష్ణ నీళ్లే కిందికి పోయి దివిసీమ దగ్గర సముద్రంలో కలుస్తాయి. సముద్రం పెరిగితే అక్కడి వరి పొలాల్లోకి ఉప్పునీళ్లు వస్తాయి. ఆ పొలాల్లో నాట్లు వేసేది కూడా ఆడవాళ్లే.