పతకం అంచున ఉన్న మాట



ఆర్మూరు ప్రాంతంలో పసుపు పంట చేతికి వచ్చిన తరువాత రైతు చేయవలసిన పనులు చాలా ఉన్నవి. త్రవ్వి, ఉడకబెట్టి, ఆరబెట్టి, మెరుగు పట్టవలెను. ఆపైన రాశి పోసే ముందు కొమ్మును, మండను వేరు చేయవలెను. రెండూ ఒకే మొక్క అడుగున పెరిగినవే, రెండూ పసుపే. అయినా కలిపి తూచితే బేరం చెడుతుంది. పూర్వుల చరిత్రను వెదకేవారికి కూడ ఈ వేరు చేయడమే మొదటి పాఠమని నాకు ఈ మధ్య తెలియవచ్చినది. ఆ సంగతినే నేడు మీకు మనవి చేస్తాను.

మా వీధిలో ఒక ముస్లిం కుటుంబం ఉన్నది. ఆ ఇంటి పెద్దమ్మకు డెబ్బది అయిదేండ్లుంటవి. నిజాం కాలపు ఉర్దూ కాగితాలు చదవడం నాకు కొద్దిగా అలవాటని విని, ఒకనాడు ఆమె మనుమడు ఒక రేకు డబ్బా తీసికొని మా ఇంటికి వచ్చినాడు. అందులో ఒక వెండి పతకం, చెదలు తిన్న ఒక కాగితం ఉన్నవి. అవి ఆ పెద్దమ్మ తాతగారివి. ఆయన మొదటి ప్రపంచ యుద్ధంలో గుర్రపు దళంలో పనిచేసి, హైఫా పట్టణాన్ని గెలిచినవారిలో ఒకరని ఇంటివారి నమ్మకం. ఖబ్రస్తానులో ఆయన సమాధికి కొత్తగా ఒక రాయి నిలపాలని వారి సంకల్పం. దానిమీద “హైఫా విజేత” అని చెక్కించాలని అనుకొన్నారు.

అయితే ఒక చిక్కు వచ్చిపడినది. ఆ కాగితం ఉద్యోగం నుండి విడుదల చేసినప్పటి పత్రం. దానిమీద సంవత్సరం 1330 అని ఉన్నది. ఎవరో దానిని హిజ్రీ సంవత్సరంగా లెక్కకట్టి, అది 1912వ సంవత్సరమని తేల్చినారు. యుద్ధం మొదలైనది 1914లో. మరి రెండేండ్ల ముందే కొలువు విడిచిన మనిషికి యుద్ధపతకం ఎట్లా వచ్చినది? బజారులో కొన్నదేమో అని బంధువులలో ఒకరు నవ్వినారట. ఆ మాట పెద్దమ్మను ఎంతో నొప్పించినది.

కాగితం చదివి చూచినాను. తేదీలో నెల పేరు “తీర్” అని ఉన్నది. హిజ్రీ సంవత్సరంలో మొహర్రం, సఫర్, రంజాన్ వంటి నెలలు ఉంటవిగాని తీర్ అనే నెల లేదు. అది హైదరాబాదు సర్కారు వాడుకలో ఉండిన ఫసలీ సంవత్సరపు నెల. ఆ లెక్కలో సంవత్సరం అక్టోబరు తొలివారంలో, ఆజూర్ నెలతో ఆరంభమయ్యేది. 1330 ఫసలీ అనగా 1920 అక్టోబరు నుండి 1921 అక్టోబరు తొలిరోజుల వరకు నడిచిన సంవత్సరం. అందులో తీర్ నెల వేసవిలో వస్తుంది. అనగా ఆ సవారు కొలువు విడిచినది 1921 వేసవిలో, యుద్ధం ముగిసిన పిమ్మట. ఒక్క నెల పేరుతో తొమ్మిదేండ్ల తప్పు సరిపడినది. మన ఇండ్లలోని పట్టాలు, పహాణీలు, ఫర్మానులు చదివేవారందరు ఈ సంగతి గుర్తుంచుకొనవలెను. అంకె ఒక్కటే చూచి సంవత్సరం తేల్చరాదు, నెల పేరు కూడ చూడవలెను.

ఇక రెండవ ప్రశ్న. ఆయన ఏ దళంలో పనిచేసినారు? కాగితం పైభాగాన్ని చెదలు తినివేయడంచేత దళం పేరు మిగలలేదు. “పతకం మీద గుర్రం బొమ్మ ఉన్నది కదా” అన్నాడు ఆ అబ్బాయి. నిజమే. ఒకవైపు అయిదవ జార్జి చక్రవర్తి తల, రెండవవైపు గుర్రమెక్కిన వీరుడు ఉన్నారు. కాని అది ఆ యుద్ధంలో పనిచేసినవారికి బ్రిటిషు ప్రభుత్వం ఇచ్చిన సాధారణ పతకం. కాలినడకన పోరాడిన సిపాయికిచ్చిన పతకం మీద కూడ అదే గుర్రం ఉన్నది. కనుక బొమ్మ సాక్ష్యం కాదు. సాక్ష్యం పతకం అంచున ఉంటుంది. నంబరు, హోదా, పేరు, దళం అక్కడ సన్నని ఆంగ్లాక్షరాలలో ముద్రించి ఉంటవి.

ఇక్కడనే కొమ్మును, మండను వేరు చేయవలసి వచ్చినది. హైదరాబాదు పేరుతో, దక్కను పేరుతో ఆ యుద్ధానికి వెళ్ళిన ఆశ్వికదళాలు ఒక్కటి కావు. నిజాం ఖర్చుతో బ్రిటిషు అధికారుల క్రింద ఉండిన హైదరాబాదు కంటింజెంటును 1903లో భారత సైన్యంలో కలిపివేసినారు. దానిలోని గుర్రపు దళాల నుండి వచ్చినవే 20వ దక్కన్ హార్స్, 29వ లాన్సర్స్. ఈ రెండూ 1914లో ఫ్రాన్సుకు పోయినవి. 20వ దక్కన్ హార్స్ 1916 జూలై 14న సోమ్ యుద్ధంలో హైవుడ్ అనే అడవి వద్ద బల్లెములతో దాడి చేసినది. యుద్ధానంతరం ఈ రెండు దళాలను ఒక్కటి చేసినారు. నేటి భారత సైన్యంలో టాంకులు నడిపే దక్కన్ హార్స్ వాటి వారసురాలే.

వీటికి వేరుగా నిజాం సంస్థానపు సొంత దళం ఒకటి ఉండినది. అదే హైదరాబాదు ఇంపీరియల్ సర్వీస్ లాన్సర్స్. వీరు మైసూరు లాన్సర్లతో కలిసి ఒకే బ్రిగేడుగా ఈజిప్టుకు వెళ్ళి సూయజ్ కాలువను కాపాడినారు. పిమ్మట పాలస్తీనాలో పనిచేసినారు. 1918లో 20వ దక్కన్ హార్స్ కూడ ఫ్రాన్సు నుండి పాలస్తీనాకు వచ్చి, వీరున్న డివిజనులోనే చేరినది. ఇన్ని దళాలు ఇంటివారి జ్ఞాపకాలలో కలగలిసిపోవడంలో ఆశ్చర్యం లేదు.

పండుగ పండుగకు చింతపండుతో తోమి తోమి పతకం అంచు సగం అరిగిపోయినది. ఏటవాలు వెలుతురులో భూతద్దం పెట్టి చూడగా చివరి అక్షరాలు చిక్కినవి. అవి హైదరాబాదు లాన్సర్స్‌ను సూచించే సంక్షిప్తాక్షరాలు. హోదా సవారు. పేరు కాగితంలోని పేరే. పతకం బజారులో కొన్నది కాదని తేలిపోయినది.

సంతోషంతోపాటు చెప్పవలసిన కష్టమైన మాట కూడ ఒకటి మిగిలినది. 1918 సెప్టెంబరు 23న హైఫాపై గుర్రాలతో దాడి చేసినవారు జోధ్‌పూరు, మైసూరు లాన్సర్లు. హైదరాబాదు లాన్సర్లు అదే బ్రిగేడులోని వారైనా, ఆనాటి దాడిలో పాల్గొనలేదు. ఢిల్లీలో 1922లో నిలిపిన తీన్‌మూర్తి స్మారకంలోని మూడు విగ్రహాలు ఈ మూడు సంస్థానాల లాన్సర్లవి. 2018లో ఆ కూడలికి తీన్‌మూర్తి హైఫా చౌక్ అని పేరు పెట్టినారు. పత్రికలలో ఆ వార్త చదివినవారికి, మూడు దళాలూ హైఫాలో పోరాడినవని తోచడం సహజమే.

ఈ మాట పెద్దమ్మకు చెప్పడానికి నాకు సంకోచం కలిగినది. పదిమందిలో నవ్వులపాలైన మనిషికి గౌరవం తిరిగి ఇచ్చి, వెంటనే అందులో కొంత తీసివేయవలసి వచ్చినది. అయినా రాతిమీద చెక్కే మాట గనుక చెప్పినాను. ఆమె కొంతసేపు పతకాన్ని అరచేతిలో త్రిప్పుతూ కూర్చున్నది. తరువాత ఇట్లా అన్నది:

“హైఫా పేరు మా దాదా నోట నేనెప్పుడు ఇనలే సారూ. అది మొన్న మొన్న పోరగాండ్లు పేపర్ల చూసి చెప్పిన ముచ్చట. ఆయన చెప్పింది ఒక్కటే. ఇసుకల నీళ్లు దొరకకపోయేదంట. దొరికిన దినాన ముందుగాల గుర్రానికి తాపి, అటెనుక తను తాగేటోడంట. అబద్ధం రాయొద్దు. దాదాకు అబద్ధం గిట్టకపోవు.”

ఆ మాటతో నా సంకోచం తీరినది. గుర్రానికి ముందు, మనిషికి తరువాత అనేది ఆశ్వికుల కట్టుబాటు. ఇంటిలో మిగిలిన అసలు జ్ఞాపకం అది. హైఫా బయటినుండి వచ్చి దానిమీద చేరినది. 13 లక్షలకు పైగా భారతీయులు ఆ యుద్ధంలో పనిచేసినారు. వారిలో పేరుపడిన దాడులలో పాల్గొన్నవారు బహు కొద్దిమంది. తక్కినవారు కాలువ గట్టున కాపలా కాచినారు, ఎండలో గస్తీ తిరిగినారు, గుర్రాలను మేపినారు. అదికూడ యుద్ధసేవయే. దానికి మరొకరి విజయాన్ని అరువు తేనక్కరలేదు.

శ్రోతలలో ఎవరి ఇంటిలోనైనా ఇటువంటి పతకం ఉంటే దానిని తోమవద్దని నా మనవి. మెరుపుకన్న అంచున ఉన్న అక్షరాలు విలువైనవి. ముందుగా దళం పేరు తేల్చుకొనండి. దళం తెలిసిన తరువాత దాని దినచర్యలు లండనులోని క్యూ పత్రభాండాగారంలో వెదకవచ్చును. వాటిలో సవారుల పేర్లు అరుదు. కాని దళం ఏ రోజు ఎక్కడ ఉన్నదో తెలుస్తుంది. సమాధి లేక మరణించినవారి పేర్లు ఫ్రాన్సులోని న్యూవ్ షాపెల్, ఈజిప్టులోని హీలియోపొలిస్ స్మారకాలపై ఉన్నవి. సంస్థానపు పాత కాగితాలకు హైదరాబాదులో తార్నాకలోని రాజ్య పత్రభాండాగారం ఉన్నది.

ఆర్మూరు ఖబ్రస్తానులో ఇప్పుడు ఆ రాయి నిలిచినది. దానిమీద ఆయన పేరు, దాని క్రింద “సవారు, హైదరాబాదు లాన్సర్స్, మొదటి ప్రపంచ యుద్ధం” అని మాత్రమే చెక్కినారు. రాయి నిలిపిన నాడు పెద్దమ్మ ఒక చెంబుతో నీళ్ళు తెచ్చి సమాధి ప్రక్కనున్న వేపమొక్కకు పోసినది. నవ్విన ఆ బంధువు కూడ అక్కడికి వచ్చినాడు. ఆమె చేతిలో ఖాళీ అయిన చెంబును తీసికొని, మరల నింపి తెచ్చినాడు.