దవడ కీలు – పెద్దలు తెలుసుకోవలసిన సంగతులు
(సంఘ సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



చెవి ముందు వేలు ఆనించి నోరు తెరిచి మూయండి. వేలి కింద కదిలేదే దవడ కీలు. కింది దవడ ఒకే ఎముక కనుక కుడి, ఎడమ కీళ్ళు కలిసే పనిచేయాలి.

నోరు కొద్దిగా తెరిచినప్పుడు ఈ కీలు తలుపు బందులా తిరుగుతుంది. ఇంకా తెరిస్తే ఎముక తల, దానిపైనున్న బిళ్ళతో సహా, ముందుకు జారుతుంది. బిళ్ళ కాస్త పక్కకు తప్పితే 'టక్'మంటుంది. నొప్పి లేకుంటే సాధారణంగా వైద్యం అక్కరలేదు. నోరు సుమారు 40 నుంచి 50 మిల్లీమీటర్లు, అంటే మూడు వేళ్ళ వెడల్పున తెరుచుకోవాలి.

పెద్దగా ఆవలించినప్పుడు ఎముక తల ముందున్న గట్టు దాటిపోతే కండరాలు బిగుసుకొని నోరు మూతపడదు. ఇంట్లో బలవంతంగా నొక్కక, వెంటనే ఆస్పత్రికి వెళ్ళండి. ఆవలింతకు చిటికె వేయడం మన అలవాటు. గడ్డం కింద పిడికిలి కూడా ఆనించండి.

చివరగా ముఖ్యమైన మాట. నడిస్తే వచ్చి, ఆగితే తగ్గే దవడ నొప్పి గుండెది కావచ్చు. నమిలేకొద్దీ దవడ లాగుతూ, కణతలు కొత్తగా నొప్పి పెడుతుంటే అది రక్తనాళాల వాపు కావచ్చు. ఆలస్యమైతే చూపుకే ప్రమాదం. పంటి నొప్పేలే అని ఊరుకోక, ఆ రోజే డాక్టరుకు చూపించుకోండి.