మెట్లూ, మోకాళ్ళూ
(ఉగాది సభలో చేసిన ప్రసంగ పాఠము)



మేము వైద్యులము కాము, రైల్వే గుమాస్తాలము. అయినా తిరువళ్ళూరు, తిరుత్తణిలలో మన తెలుగువారి ఏ ఇంటికి వెళ్ళినా "పొద్దున లేస్తే కీళ్ళు పట్టేస్తున్నాయి నాయనా" అన్న మాట వినబడుతుంది. దానిని గురించే రెండు ముక్కలు మనవి చేస్తాము.

2006లో చికున్‌గున్యా ఆంధ్రలోనూ, తమిళనాడులోనూ ఇంటింటా చొరబడింది. అప్పటికి మేము బడి పిల్లలము. మా అవ్వకు జ్వరము వారములో తగ్గింది. నొప్పులు నెలల తరబడి నిలిచాయి. కదిలితే కీళ్ళు అరుగుతాయని ఆమెను మంచము దిగనివ్వలేదు. తప్పు మాదే. కదలని కీలు మరింత బిగుసుకుంటుంది. చుట్టూ కండ సన్నగిల్లుతుంది. పైగా ఎవరో ఇచ్చిన పేరులేని మాత్రలు వేశాము. నాలుగు రోజులు హాయి. పోనుపోను ముఖము ఉబ్బింది, చక్కెర పెరిగింది. వాటిలో స్టిరాయిడ్ కలిసి ఉండవచ్చునని డాక్టరుగారు మందలించారు.

ఆయన చెప్పినది ఇంతే: ఉదయము వేడినీళ్ళ కాపడము, మంచముమీదనే కాళ్ళు చాచి ముడవడము, పూటకు కొద్దిపాటి నడక, దానిని మెల్లగా పెంచడము. నొప్పి తగ్గిన రోజున పనులన్నీ మీద వేసుకోరాదు. ఉదయపు బిగువు గంటదాకా వదలక, కీళ్ళు వాస్తే కీళ్ళవాతము కావచ్చు; ఆలస్యము చేయక డాక్టరుకు చూపాలి.

తిరుత్తణి కొండకు 365 మెట్లు. మరుసటి ఉగాదికి అవ్వ పది మెట్లు ఎక్కి, "తక్కినవి మెల్లగా ఎక్కుతాలే" అన్నది. మీ ఇంటి పెద్దలను మంచానికి అప్పగించకండి. చెయ్యి పట్టుకుని ఆ పది మెట్లు ఎక్కించండి.

సెలవు.