వెండి వాడుక - విషలోహ చికిత్స



ఇరువదియైదేండ్లు నిండిన సంస్థకు జరుపు పండుగను రజతోత్సవ మందురు. రజతమనగా వెండి. రంగనాయకస్వామి కొలువున్న ఈ శ్రీరంగాపూర్ గ్రామమున వెండిని గూర్చి నాలుగు మాటలు చెప్పుకొనుట సమయోచితము. శిశువునకు ఉగ్గుగిన్నె, బాలికకు పట్టీలు, ముత్తైదువకు మట్టెలు, పూజకు కుంకుమభరిణ - తెలుగువారికి పుట్టినది మొదలు వెండి తోడుగనే యుండును.

సీసము, పాదరసము వంటి విషలోహములు ఒంటబట్టినవారికి వైద్యులు కీలేషన్ అను చికిత్స చేయుదురు. గ్రీకు భాషలో పీత డెక్కకు గల పేరునుండి ఈ మాట పుట్టినది. మందు లోహమును డెక్కవలె పట్టి, ముఖ్యముగ మూత్రముద్వారా వెలికి గొనిపోవును. అట్టి మందు తీసికొనుచు మట్టెలు ధరింపవచ్చునా, వెండిగిన్నె వాడవచ్చునా యని కొందఱకు సందేహము.

నిశ్చింతగా వాడవచ్చును. మందు రక్తములో పనిచేయునేగాని కాలివ్రేలి మట్టెను కరగించి లోనికి లాగదు. గట్టి వెండి చర్మముద్వారా లోనికి పోవుట అత్యల్పము. మట్టె నల్లబడుట ఒంటిలోని విషమునకు గురుతనుట పొరపాటు. చెమటలోను గాలిలోను గల గంధక పదార్థములవలన ఆ నలుపు పుట్టును. జీవితకాలమంతటిలో నోటిద్వారా 10 గ్రాముల వెండి చేరినను హాని కానరాదని ప్రపంచ ఆరోగ్య సంస్థ అంచనా. మిఠాయిపై అద్దు రేకులో నుండునది కొలది మిల్లీగ్రాములే. ఆ రేకు 1000 పాళ్లకు 999 పాళ్లు శుద్ధమైన వెండిగా నుండవలెనని మన దేశమున 2016లో నియమ మేర్పడినది.

వెండినీటిని మందని దినదినము త్రాగుట మాత్రము వేఱు సంగతి. దానివలన కొందఱి చర్మము నీలిబూడిద వన్నెకు మారును. ఆ వన్నె కీలేషన్‌తో పోదు. అట్టి మందులు సురక్షితములని గాని, గుణమిచ్చునని గాని ఒప్పుకొనజాలమని అమెరికా ఔషధశాఖ 1999లో ప్రకటించినది.

అసలు భయపడవలసినది సీసమునకు. 2020 డిసెంబరులో ఏలూరులో వందలమంది మూర్ఛలతో ఆసుపత్రి పాలయినప్పుడు, ఢిల్లీ ఎయిమ్స్ పరీక్షలలో రోగుల రక్తమున సీసము, నికెల్ కనబడినవి. పాత రంగుల పెచ్చులు, కొన్ని కాటుకలు, కల్తీ కుంకుమ, కల్తీ పసుపు, సీసము కలిపిన కళాయి - ఇవి యింటిలోనికి సీసము వచ్చు దారులు. ఈ దారులు మూయక మందు మ్రింగుట చిల్లికుండలో నీరు పోయుటయే.

ఆ మందును సొంతముగా వాడరాదు. అది ఒంటికి కావలసిన సున్నము, జింకు వంటివానిని గూడ లాగివేయగలదు. 2005లో అమెరికాలో ఒక బాలునకు తగని మందెక్కించగా రక్తములోని కాల్షియము పడిపోయి మరణించెను. పదేండ్లలోపు పిల్లలకు డెసీలీటరు రక్తములో సీసము 45 మైక్రోగ్రాములు, అంతకు మించిన యెడల కీలేషన్ చేయవలెననియు, 5 చేరినంతనే అది వచ్చు దారి వెదకవలెననియు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2021లో సూచించినది.

కావున రక్తపరీక్ష ముందు, వైద్యుని మాట తరువాత, మందు ఆ పిమ్మట. మట్టెలు కాలనే యుండవచ్చును. వెదకి తీసివేయవలసినది వంటింటిలోని సీసమును. ఈ గ్రంథాలయము ఇట్టి తెలివిని ఇంటింటికి చేర్చుచు స్వర్ణోత్సవము జరుపుకొనుగాక!