వేసవిలో అతిథిసత్కారము



చైత్రము గడచి వైశాఖము ప్రవేశించినది మొదలు మన పల్లెలలో ఏదో యొక యింట శుభకార్యము జరుగుచునే యుండును. యాసంగి వరికోతలు ముగిసి చేతికి నాలుగు రూకలు వచ్చు కాలమిది. బడులకు సెలవులిచ్చు కాలమిది. ఆడుబిడ్డలు పిల్లలతో పుట్టిండ్లకు వచ్చు కాలము నిదియే. పెండ్లిండ్లు, గృహప్రవేశములు, అమ్మవారి మ్రొక్కులు ఈ రెండు నెలలలోనే కుదురుచున్నవి. గరిడేపల్లి వంటి యూర నొక యింట పందిరి వేసిరేని సూర్యాపేట నుండియు, కోదాడ నుండియు, మిర్యాలగూడ నుండియు బంధువులు ఎండనబడి వత్తురు.

అట్టి సమయమున ఇంటి యజమానుడు మొదట వేసికొను ప్రశ్న, "ఎన్ని వంటకములు చేయింతము?" అనునది. ఆ ప్రశ్న వేసికొనవలసినదే. కాని దానికి ముందు వేసికొనదగినది మఱియొకటి కలదు. "వచ్చువారిలో మిక్కిలి అశక్తుడెవడు?" అనునదే ఆ ప్రశ్న. నేటి నా ప్రసంగమంతయు ఈ యొక్క మాటను గుఱించియే.

కొన్ని వేసవుల క్రిందట మా బంధువుల యింట గృహప్రవేశమునకు వెళ్లితిని. ముహూర్తము తెల్లవారుజామున జరిగినది. పది గంటలకే వంటలు సిద్ధమైనవి, ఇరువదియొక్క వంటకములు. అయితే ఆ నాడు రావలసిన పెద్దమనిషి యొకరుండిరి. ఆయన రానిదే విస్తళ్లు వేయరాదని ఇంటివారు నిశ్చయించిరి. పదకొండు కొట్టినది, పండ్రెండు కొట్టినది, ఒంటిగంట దాటినది. ఇనుపరేకుల పందిరి క్రింద పిల్లలు ఏడ్చుచుండిరి. ముసలివారు కండువాలతో విసరుకొనుచుండిరి. డెబ్బది యేండ్లు దాటిన యొక అవ్వ కూర్చున్నచోటనే సొమ్మసిల్లి ఒరిగిపోయినది. రెండున్నర గంటలకు ఆ పెద్దమనిషి వచ్చి, లోటెడు మజ్జిగ మాత్ర మడిగి త్రాగి, ఇంకొక శుభకార్యమున్నదని వెడలిపోయెను. అటుపిమ్మట బంతి సాగినది. పెరుగువడలు అప్పటికే పులిసి వాసన వచ్చుచుండెను. ఆ రాత్రి నలుగురైదుగురు పిల్లలకు వాంతులు పట్టుకొన్నవి. దైవకృపచే అందఱును కోలుకొనిరి. మఱునాడు ఇంటి పెద్ద నా చేయి పట్టుకొని, "ఇరువదియొక్క వంటకములు చేయించితిని గాని, సమయమునకు ఒక్క ముద్ద పెట్టలేకపోతిని" అని కన్నుల నీరు పెట్టుకొనెను. ఆయన లోభియు గాడు, అజాగరూకుడును గాడు. అందఱికంటె గొప్పవానిని కొలతగా నెంచుకొని విందు నడపెను. ఆయన చేసిన పొరపాటు అంతయే.

పసిపిల్లలు, ముదుసలులు, గర్భవతులు, మధుమేహము గలవారు, ఎండలో కోసెడు దూరము నడచి వచ్చినవారు: వీరిని కొలతగా నెంచుకొన్నచో తక్కిన నిర్ణయములు తమంతట తామే కుదురును.

మొదటిది వేళ. వేసవిలో భోజనము పదకొండు గంటల లోపల గాని, ప్రొద్దు క్రుంకిన పిమ్మట గాని పెట్టుట మేలు. 2015 మే మాసమున వీచిన వడగాడ్పులకు తెలుగునాట రెండు రాష్ట్రములలోను వందలకొలది జనులు మరణించిరన్న సంగతి మనము మఱవరాదు. వారిలో పెక్కుమంది వృద్ధులు, కాయకష్టము చేయువారు. నడిమధ్యాహ్నమున పందిరి క్రింద జనులను కూర్చుండబెట్టుట ఆదరణ యనిపించుకొనదు.

రెండవది నీరు. ఇంటికి వచ్చినవానికి ముందుగ కాళ్లకు నీళ్లిచ్చుట మన పూర్వుల యాచారము. అది మర్యాదయే గాక, ఎండలో కాగిన దేహమునకు చికిత్స కూడ. పిదప త్రాగుటకు కుండలోని చల్లని నీరు గాని, పలుచని మజ్జిగ గాని యీయవలెను. ముసలితనమున దప్పిక తెలియుట తగ్గిపోవునని వైద్యులు చెప్పుదురు. కావున వృద్ధు లడుగుదురని చూడక, ఒక పిల్లవానిని నియమించి అరగంట కొకసారి వారి చేతికి గ్లాసు అందించుచుండవలెను. పానకము శ్రేష్ఠమే; కాని మధుమేహము గలవారికి మజ్జిగయే పథ్యము. రక్తపుపోటు గలవారికై ఉప్పు వేయని మజ్జిగ కొంత వేఱుగ నుంచవలెను. బజారు మంచుగడ్డలను నమ్మరాదు. మురికినీరు గడ్డకట్టినంత మాత్రమున శుద్ధి కాదు. అందలి సూక్ష్మజీవులు చలికి చావవు. మంచుగడ్డను బిందె చుట్టును పెట్టవచ్చును గాని బిందెలో వేయరాదు.

ఇక మూడవది వంటకములు. ఇచ్చట మన ప్రాంతపు పూర్వకథ కొంత జ్ఞప్తికి దెచ్చుకొనవలెను. మనకు దక్షిణమున కృష్ణ దాటినచో పలనాడు. పదునైదవ శతాబ్దమున శ్రీనాథ మహాకవి ఆ సీమకు పోయి, సన్నన్నము దొరకక జొన్నకూడు తినవలసివచ్చినందుకు విసుగుకొనినట్లు ఆయన పేర చాటువులు ప్రచారమున నున్నవి. ఏటి కీవలి మన పల్లెలలోను తాతలనాటి కూడు జొన్నగటక, అంబలియే. వరియన్నము పండుగకును, చుట్టమునకును మాత్రమే. 1955 డిసెంబరు 10వ తేదీన జవహర్‌లాల్ నెహ్రూ నాగార్జునసాగరమునకు శంకుస్థాపన చేసిరి. 1967 ఆగస్టు 4వ తేదీన ఇందిరాగాంధీ కాలువలకు నీరు విడిచిరి. అటుపిమ్మట కుడికాలువ పలనాటిని, ఎడమకాలువ మన సీమను తడిపినవి. జొన్నచేలు వరిమళ్లయినవి, మిర్యాలగూడ బియ్యపు మిల్లులకు పేరు పొందినది. చుట్టమునకు మాత్రమే వండిన యన్నము ప్రతిదినపు కూడైనది. చుట్టమునకు ఇంకేమి ప్రత్యేకము పెట్టుదుమను చింతతో వంటకముల సంఖ్య పెరుగజొచ్చినది. మన విందుల విస్తారమునకు ఇదియొక కారణమని నా తలంపు.

మన తాతలు ఏ యంబలిని లేమికి గుఱుతుగ నెంచి అతిథి యెదుట దాచిరో, అదియే వేసవికి తగిన తొలి యాహారము. జొన్నపిండిని రాత్రి నానవేసి, తెల్లవారి మరుగు నీట పోసి కాచి, చల్లాఱిన పిదప మజ్జిగ కలిపి, ఉల్లిపాయతో నీయవచ్చును. ఐక్యరాజ్యసమితి 2023వ సంవత్సరమును చిరుధాన్యముల సంవత్సరముగ ప్రకటించినది. ఆ చిరుధాన్యములలో జొన్నయు నున్నది. లోకము గౌరవించు తిండిని మన పందిట పెట్టుటకు సిగ్గేల?

బంతిలో వడ్డించుటకు నాకు తోచిన పట్టిక యిది: వేడి యన్నము, మామిడికాయ పప్పు, సొరకాయ గాని బీరకాయ గాని యొక కూర, పచ్చిపులుసు, క్రొత్త ఆవకాయ, మజ్జిగ, ఒక తీపి. తరువాత తాటిముంజలు గాని, అప్పుడే కోసిన పుచ్చకాయ గాని. పచ్చిపులుసు పొయ్యి యెక్కదు. వండువారికి అది సుఖము. కాని పొయ్యి యెక్కదు గనుకనే దానికి కాచి చల్లార్చిన నీరే వాడవలెను. మాంసము పెట్టు ఆచారము గల యింట దానిని రాత్రి బంతికి మార్చుకొని, యాటను కోసిన వెంటనే వండించి, వేడివేడిగ వడ్డించినచో భయము లేదు. ఉదయము వండిన కూర సాయంకాలమునకు పనికిరాదు.

వండిన యన్నమును గుఱించి ఒక హెచ్చరిక. బియ్యమునందు నొకజాతి సూక్ష్మజీవుల బీజము లుండును. ఉడికించినను అవి చావవు. అన్నము గోరువెచ్చగ గంటలకొలది నిలిచినచో మొలకెత్తి విషమును పుట్టించును. ఆ విషము మరల కాచినను పోదు. కావున వేసవిలో ఆఱువందలమందికి ఒక్కసారి వండి గుట్టపోయుటకంటె, బంతికి తగినంత ప్రతిసారియు వార్చుట మంచిది. నూఱుగురికి పది, పండ్రెండు కిలోల బియ్యము చాలునని అనుభవజ్ఞులైన వంటవారి లెక్క. అట్లు వండినచో పారవేయు నన్నమును తగ్గును. చింతపండు పులుపు గల పులిహోర కొంత నిలుచును. పెరుగన్నము, పెరుగువడలు, కొబ్బరిపచ్చడి నిలువవు. వానిని కడపటి నిమిషమున కలుపవలెను. కళాయి లేని యిత్తడి పాత్రలలో పులుసుగాని పెరుగుగాని నిలువయుంచిన చిలుమెక్కి విషమగునని మన అమ్మమ్మ లెఱుగుదురు. అద్దెకు తెచ్చు పాత్రలను చూచుకొని తీసికొనవలెను.

నాలుగవది, పొయ్యి ముందర నుండువారు. బయట నలువదిమూడు డిగ్రీల యెండ కాయుచుండగా గాడిపొయ్యి యొద్ద నిలిచిన వంటవారి బాధ యెంతటిదో తలపోయుడు. పెంచిన ప్రతి వంటకమును వారి దేహముపై మఱికొంత మంట పెంచుట యగును. ఇంటి యాడువారు అతిథులందఱును లేచిన పిమ్మట, మూడు గంటలకు, చల్లాఱిన మెతుకులు తినుచున్నారు. డప్పు కొట్టినవారు, పందిరి వేసినవారు, విస్తళ్లు తీసినవారు, బండి తోలినవారు కడపటి బంతికి మిగులుచున్నారు. వీరును మన యింటి యన్నము తిన వచ్చినవారే కదా. రెండవ బంతిలోనే వీరిని కూర్చుండబెట్టినచో ఆ యింటికి లోపమేమియు రాదు.

"తగ్గించినచో నలుగురేమనుకొందురు?" అని యడుగువారు కలరు. ఆ నలుగురికి వెఱచియే అప్పు చేసి విందు పెట్టి, వానకాలపు విత్తనములకు చేయి చాచిన రైతులను మనము చూడలేదా? మన పొలములకు నీరిచ్చు ఎడమకాలువకు లాల్ బహదూర్ కాలువ యని పేరు. 1965లో దేశమున తిండిగింజల కొరత యేర్పడగా ఆ లాల్ బహదూర్ శాస్త్రియే సోమవారము రాత్రి భోజనము మానుడని ప్రజలను కోరిరి. ఎందఱో సంతోషముగ మానిరి. ఎవరును దానిని లోభమనలేదు. పెద్దవారు ముందు నడచినచో లోకులు వెంబడింతురని ఇందువలన తెలియుచున్నది.

పెద్దలారా! ఆ నలుగురును మీరే. మీరు కూర్చుండి, "మన యూర వేసవిలో బంతి పదకొండు గంటలకు సాగవలెను, ఎంతటివాడు రావలసియున్నను విస్తళ్లు ఆగరాదు, ఏడు వంటకములు మీఱరాదు" అని యొక కట్టుబాటు చేసితిరేని, బీదవాడు అప్పునుండి బయటపడును, ఉన్నవాడు పోటీనుండి బయటపడును, ముసలమ్మ సొమ్మసిల్లకుండ భోజనము చేసి ఇల్లు చేరును. ఆలస్యముగ వచ్చిన పెద్దమనిషికి లోటెడు మజ్జిగ ఎప్పుడును సిద్ధముగ నుంచుదము. ఆయన త్రాగునది అంతయే కదా.