కాలువ చివరి రైతుకు హరిత రసాయన శాస్త్రం



మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ ప్రాంతాలు కృష్ణ కాలువల దిగువన వున్నవి. ప్రకాశం బ్యారేజి వద్ద బయలుదేరిన నీరు ఎన్నో వూళ్ల పొలాలు తడిపి, చివరకు మన వద్దకు వస్తుంది. దివిసీమకైతే పులిగడ్డ అక్విడక్టు మీదుగా ఏరు దాటి రావాలి. బావి తవ్వితే మనకు చాలా చోట్ల వుప్పునీరే పడుతుంది. అంచేత కాలువ నీటితో నింపుకున్న చెరువే తాగునీటికి ఆధారం. మడికి పెట్టే నీరూ, కుండలో పోసుకునే నీరూ ఒకే కాలువది. ఇది మనసులో వుంచుకుని నేటి విషయం ఆలోచిద్దాం.

దాని పేరు హరిత రసాయన శాస్త్రం. 1998లో అమెరికాలో పాల్ అనస్తాస్, జాన్ వార్నర్ అనే రసాయన శాస్త్రజ్ఞులు దీనికి 12 సూత్రాలు ఏర్పరచారు. వ్యర్థాన్ని పుట్టించి తర్వాత శుభ్రం చేసుకునే కంటే, పుట్టకుండా చూడడమే మేలన్నది మొదటి సూత్రం. అడుసు తొక్కనేల, కాలు కడగనేల అని మన పెద్దలు ఏనాడో చెప్పింది ఇదేగదా!

రసాయనమంటే విషమనే అర్థం లేదు. పెడన కలంకారీ పనివారు ఇనుప ముక్కలు బెల్లపు నీటిలో వూరబెట్టి నలుపు రంగు తీస్తారు. కరక్కాయ, పటిక వాడతారు. అదీ రసాయన శాస్త్రమే. కాబట్టి రసాయనం వాడాలా వద్దా అన్నది కాదు ప్రశ్న. ఏది వాడుతున్నాం, ఎంత వాడుతున్నాం, పని అయిపోయాక అది ఎక్కడికి పోతుంది? ఈ మూడూ అడగాలి.

అడగకపోతే ఏమవుతుందో భోపాలు చెప్పింది. 1984 డిసెంబరు 2వ తేదీ రాత్రి అక్కడి పురుగుమందుల కర్మాగారం నుండి మిథైల్ ఐసోసయనేట్ అనే విషవాయువు వెలువడి వేలాదిమంది చనిపోయారు. కార్బరిల్ అనే పురుగుమందు తయారీకి ఆ పదార్థాన్ని వాడేవారు. అది లేకుండా మరో దారిన కూడా కార్బరిల్ తయారు చేయవచ్చు. నిలవే లేని విషం కారిపోదు గదా! మన దేశంలో కార్బరిల్‌ను 2018లో నిషేధించారు.

ఇక మన పొలానికి వద్దాం. మొదటిది యూరియా. 45 కిలోల బస్తాలో నత్రజని సుమారు 20 కిలోల 700 గ్రాములు. నిండా నీళ్లున్న మడిలో ఒక్కసారే గుమ్మరిస్తే తరచు అందులో సగం కూడా పైరుకు అందదు. కొంత గాలిలో కలుస్తుంది, కొంత మురుగు కాలువలో పడుతుంది. 2015 నుండి యూరియాకు వేపనూనె పూత వస్తున్నది. దానివల్ల నత్రజని మెల్లగా విడుదలవుతుంది. అయినా చల్లే పద్ధతి మనదే. భూసార పరీక్ష ప్రకారం మోతాదు నిర్ణయించుకొని, దమ్ములో ఒకసారి, పిలకలు వేసేటప్పుడు ఒకసారి, అంకురం దశలో ఒకసారి వేయండి. నీరు తీసివేసి బురదపదునులో చల్లండి. 36 నుండి 48 గంటల తర్వాత పలుచగా నీరు పెట్టండి.

రెండవది పచ్చిరొట్ట. జీలుగ విత్తనం ఎకరాకు 10 నుండి 12 కిలోలు చల్లి, పూత దశలో కలియదున్నండి. చౌడును తట్టుకునే పైరు గనుక సముద్రపు వొడ్డు భూములకు బాగా నప్పుతుంది. వరి కోతకు రెండు మూడు రోజుల ముందు చల్లుకునే మినుము, పిల్లిపెసర కూడా వేళ్ల బుడిపెలలో గాలిలోని నత్రజనిని నిలుపుతాయి. ఇది పొగగొట్టం లేని ఎరువుల కర్మాగారం!

మూడవది దోమపోటు. "ఏమండీ, పక్కచేను వారు మందు కొట్టారు, నేను కొట్టకపోతే దోమంతా నా చేలోకి రాదూ?" అని చాలామంది అడుగుతుంటారు. ముందు చేలోకి దిగి దుబ్బులు తట్టి లెక్కపెట్టండి. పిలక దశలో దుబ్బుకు 10 నుండి 15, ఈనిక దశలో 20 నుండి 25 దోమలు వుంటేనే మందు అవసరం. నాటేటప్పుడే ప్రతి 2 మీటర్లకు 20 సెంటీమీటర్ల బాట తీయండి. దోమ కనబడితే చేను ఆరబెట్టండి. సింథటిక్ పైరిత్రాయిడ్ మందులు దోమను తినే సాలీళ్లను, మిరిడ్ నల్లులను చంపుతాయి. కాపలావాళ్లు పోయాక దోమ రెట్టింపుగా తిరిగి వస్తుంది. యూరియా ఎక్కువైన పైరు మెత్తబడి దోమకు విందు అవుతుంది.

ఆ మందులే చేపలకూ, రొయ్యలకూ ప్రాణాంతకం. గుడివాడ, నందివాడ వైపు చేపల చెరువులున్న సంగతి మీకు తెలియనిది కాదు. మిగిలిన మందు కాలువలో పారబోసినా, స్ప్రేయరు కాలువలో కడిగినా దిగువ రైతు కష్టం ఒక్కపూటలో తేలిపోవచ్చు. ఖాళీ డబ్బాను మూడుసార్లు తొలిచి, ఆ నీళ్లు స్ప్రేయరులోనే పోయండి. డబ్బాకు చిల్లు పొడవండి. అందులో మరేదీ నిలవ చేయకండి.

పని అయిపోయాక విరిగిపోయే పదార్థాన్ని ఎంచుకోవాలన్నది మరో సూత్రం. డి.డి.టి. నేలలో ఏళ్ల తరబడి వుండిపోతుంది. 1989లో దానిని వ్యవసాయంలో నిషేధించారు. వేపగింజలోని అజాడిరక్టిన్ ఎండకు త్వరగా విరిగిపోతుంది. అందుకే సాయంత్రం వేళ చల్లాలి. 5 కిలోల వేపపప్పు పొడిని గుడ్డలో మూటగట్టి రాత్రంతా నీటిలో నానవేయండి. పిండి వడగట్టి, కాస్త సబ్బు కలిపి 100 లీటర్లకు సరిచేయండి. పురుగు తొలిదశలో ఇది మేలు చేస్తుంది. ఉధృతి మీరితే మాత్రం సిఫారసు చేసిన మందునే, చెప్పిన మోతాదులోనే వాడాలి.

ఎగువవారు శుభ్రమైన నీరు వదలాలని మనం కోరుకుంటాం. న్యాయమే. అయితే మనకు దిగువన కూడా ఒక చేనూ, ఒక చెరువూ వుంటాయి. మన గట్టు దాటే నీటికి మనమే పూచీ. ఈ సార్వాకు ఒక్క ఎకరంలోనైనా ఈ పద్ధతులు పాటించి, ఖర్చూ దిగుబడీ పుస్తకంలో రాసుకోండి. వచ్చే ఏడు ఏం చేయాలో ఆ లెక్కే చెబుతుంది.