మత్తు పాఠంలో అమ్మమ్మ చుట్ట

(శ్రీముఖలింగంలో ఉపాధ్యాయులు, తల్లులు కలిసి జరుపుకున్న సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



ఏటా జూన్ 26న మత్తుమందుల వ్యతిరేక దినం జరుపుతున్నాం. పిల్లలు వరుసగా నిలబడి, చెయ్యి చాచి ప్రతిజ్ఞ చేస్తారు. పెద్దలు గంజాయి గురించి హెచ్చరిస్తారు. ఆ హెచ్చరికలన్నీ మగపిల్లలకే. ఆడపిల్లలు చప్పట్లు కొట్టి తరగతికి వెళ్లిపోతారు, మత్తుతో తమకేమీ సంబంధం లేనట్టు.

నిజానికి మత్తు గురించి ఆ పిల్లకు తెలిసినంతగా ఇంట్లో ఇంకెవరికి తెలుసు? అమ్మమ్మ చుట్టల కట్ట కోసం కొట్టుకు పరిగెత్తేది ఆ పిల్లే. రాత్రి నాన్న తాగివచ్చి చెయ్యెత్తితే అమ్మకు అడ్డం వెళ్లేదీ ఆ పిల్లే. కూలి డబ్బు తాగుడుకు పోతే ముందుగా బడి మానేదీ ఆ పిల్లే.

మా అమ్మమ్మ అడ్డపొగ తాగేది. చుట్టలు తెచ్చిచ్చేదాన్ని నేను. నా చదువంతా అయిపోయింది గానీ, ఆ సంగతి ఏ తరగతి గదిలోనూ చెప్పే సందర్భం రాలేదు.

నిప్పున్న కొస నోట్లో పెట్టుకుని తాగే ఈ అలవాటు మన ప్రాంతంలో ఆడవాళ్లలోనే ఎక్కువ. శ్రీకాకుళం జిల్లాలో 10,169 మంది గ్రామస్థుల నోళ్లు పరీక్షించి చేసిన అధ్యయనం 1971లో అచ్చయింది. ఆ వేడికి, పొగకు అంగిలి మీద మచ్చలు, పుళ్లు వస్తాయనీ, అవి క్యాన్సర్‌కు దారితీయవచ్చనీ వైద్యలోకానికి తెలిసింది ఇలాంటి పరిశోధనల వల్లే. మన ఆడవాళ్ల అంగిళ్లు వైద్యగ్రంథాలకెక్కాయి. మన బడి పాఠాల్లోకి మాత్రం రాలేదు.

ఎందుకు తాగుతావమ్మా అని అడిగితే ఏం చెబుతారు? గాలికి నిప్పారదు, బూడిద చంటిబిడ్డ మీద పడదు, చేతులు పనికి ఖాళీగా ఉంటాయి, ఆకలి తెలియదు. ఇందులో బలహీనత ఎక్కడుంది? ఉన్నది చాకిరీ, ఆకలి. "ఆరోగ్యకరమైన అలవాట్లు ఎంచుకోండి" అని కరపత్రాలు వేస్తాం. ఎంచుకోవడానికి రెండు దారులుండాలి కదా! చుట్టను నేను సమర్థించడం లేదు. కారణం అడగకుండా తప్పు పట్టే పాఠం ఎవరి చెవికీ ఎక్కదంటున్నాను.

చెవికెక్కిన పాఠం ఒకటుంది. నెల్లూరు జిల్లా దూబగుంటలో అక్షరాస్యతా కేంద్రాలకు వచ్చిన స్త్రీలు వాచకంలో సారా పాఠం చదివి, అది తమ ఇంటి కథేనన్నారు. 1992లో సారా దుకాణాలు మూయించారు. 1993 అక్టోబరు 1న రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం అమలైంది. 1997లో దాన్ని ఎత్తేశారు. ప్రభుత్వాలు వెనక్కి పోయాయి గాని, ఆ స్త్రీలు నేర్పిన పద్ధతి మిగిలింది: ముందు తమ బతుకు చెప్పుకోవడం, తర్వాత అమ్మేవాణ్ణి నిలదీయడం.

అమ్మేవాడి విషయంలో చట్టాలు లేకపోలేదు. 2003 నాటి పొగాకు చట్టం ప్రకారం 18 ఏళ్ల లోపు వారికి పొగాకు అమ్మకూడదు. విద్యాసంస్థకు 100 గజాల లోపు ఎవరికీ అమ్మకూడదు. అంటే అమ్మమ్మ కోసమైనా సరే, ఆ పిల్ల చేతికి చుట్టల కట్ట ఇవ్వడం నేరమే. 2015 నాటి బాలల న్యాయచట్టం ప్రకారం పిల్లలకు మద్యం, పొగాకు, మత్తుమందులు ఇచ్చినా, వారిచేత మద్యం, మత్తుమందులు మోయించినా, అమ్మించినా ఏడేళ్ల దాకా కఠిన శిక్ష, లక్ష రూపాయల దాకా జరిమానా ఉన్నాయి. గంజాయికి అలవాటుపడ్డ కుర్రవాడికి బడి మాన్పించి సర్టిఫికెట్ చేతిలో పెట్టడం పరిష్కారం కాదు. వాడికి కావలసింది చికిత్స. సలహా కోసం 14446కు ఫోన్ చేయవచ్చు. ఈ నంబరు బడి గోడ మీద రాయించండి.

ఉపాధ్యాయ మిత్రులారా, వచ్చే జూన్ 26న ప్రతిజ్ఞకు ముందు ఒక గంట పిల్లల్ని మాట్లాడనివ్వండి. ముఖ్యంగా ఆడపిల్లల్ని. వాళ్లు చెప్పిన ఇంటి సంగతి ఊళ్లో పాకకుండా చూసుకోండి. తల్లులారా, ఈ సాయంత్రం నుంచే పిల్లను చుట్టలకు, సీసాలకు కొట్టుకు పంపడం మానండి. ఆ కాసేపూ ఆ పిల్ల పుస్తకం పట్టుకుంటుంది.